చర్మం మీద టెస్టు లేదంటోంది, రక్తం టెస్టు ఉందంటోంది: పాపకి పల్లీలు పెట్టొచ్చా?

కాకినాడ దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మ రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం ఐదు పేజీలుంది, రెండు రిపోర్టుల ఫొటోలు కూడా జత చేశారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

వాళ్ల పాపకి నాలుగేళ్లు. పుట్టిన కొన్ని నెలలకే మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు, మొదలైంది, ఇప్పటికీ చలికాలం వస్తే తిరగబెడుతుంది. మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు మేనమామ జీడిపప్పు పాకం చిన్న ముక్క విరిచి పాప నోట్లో పెట్టాడు. అంతకుముందు జీడిపప్పు పెద్దగా తిన్నది లేదు. "పది నిమిషాల్లో పెదవులు ఉబ్బిపోయాయి. మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి. రెండుసార్లు వాంతి చేసుకుంది. తర్వాత నీరసంగా నా భుజం మీద వాలిపోయింది" అని రాశారు. దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే అలర్జీ ఇంజెక్షన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేసి, కాసేపు ఉంచుకుని ఇంటికి పంపించారు.

తర్వాత పిల్లల డాక్టరు "ఫుడ్ అలర్జీ ప్యానెల్" అని రక్తపరీక్ష రాశారు. రిపోర్టులో జీడిపప్పు 8.4, పిస్తా 6.9, పల్లీలు 1.9, కందిపప్పు 0.8, శనగపప్పు 0.6, బాదం 0.5, నువ్వులు 0.4 వచ్చాయి. అన్నీ ఎర్ర రంగులో, పక్కన క్లాసు అంకెలతో. ఎర్రగా ఉన్నవన్నీ ఆపేయమన్నారు, ఆపేశారు. మార్చిలో విశాఖపట్నంలో ఒక అలర్జీ స్పెషలిస్టుకి చూపిస్తే ఆయన పాప ముంజేతి మీద స్కిన్ ప్రిక్ టెస్టు చేశారు. జీడిపప్పుకి 9 మిల్లీమీటర్లు, పిస్తాకి 7, పల్లీకి 2, బాదంకి 0. జీడిపప్పు, పిస్తా జన్మలో దగ్గరికి రానీయొద్దు గానీ పల్లీల గురించి అంత భయం అక్కర్లేదని ఆయన అన్నారట.

ఇంట్లో అక్కడే పేచీ మొదలైంది. భర్త రక్తపరీక్ష పక్షం. అది మిషను ఇచ్చిన అంకె, ఇది స్కేలు పెట్టి కంటితో కొలిచింది, పైగా టెస్టుకి నాలుగు రోజుల ముందు దాకా పాపకి సెట్రిజిన్ అనే దురద మందు వేశాం కాబట్టి అది చెల్లదంటాడు. అత్తగారు రెండూ నమ్మరు. "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా? రోజూ కొంచెం కొంచెం జీడిపప్పు పెడితే అదే అలవాటవుతుంది" అంటారు. డాలస్‌లో ఉన్న అక్క ఫోన్ చేసి నట్ అన్న మాట ఉన్న ప్రతిదీ ఇంట్లోంచి తీసేయమంటుంది. పాపేమో ఏడాది వయసు నుంచీ వారానికి రెండు మూడుసార్లు ఇడ్లీలోకి పల్లీ చట్నీ తిన్న పిల్ల. ఏనాడూ ఏమీ కాలేదు. ఇప్పుడు పప్పన్నం లేదు, చట్నీ లేదు, పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు మీదే నడుస్తోంది, కేజీ బరువు తగ్గింది. "ఈ రెండు టెస్టుల్లో ఏది నిజం? పల్లీలు మళ్లీ పెట్టొచ్చా? ఏడు నెలల చిన్నవాడికి కూడా టెస్టు చేయించాలా?" అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఇంట్లో అందరూ పల్లీల గురించే వాదించుకుంటున్నారు. ఉత్తరం చదివాక నాకు కంగారు పుట్టింది మాత్రం జీడిపప్పు గురించి. అందుకే మీరు అడగని దాంతో మొదలుపెడుతున్నాను.

ఆ రోజు పాపకి వచ్చినవి ఉత్త దద్దుర్లు కాదు. ఏదైనా తిన్న కొద్ది నిమిషాల్లోనే ఒంటి మీద దద్దుర్లు, దానికి తోడు వాంతులు, ఆపైన పిల్ల వాలిపోవడం, ఇలా ఒంట్లో రెండు మూడు చోట్ల ఒక్కసారే తేడా చేస్తే దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. ఊపిరి ఆడకపోతేనే అనాఫిలాక్సిస్ అని చాలామంది అనుకుంటారు, కొన్ని క్లినిక్‌లలో కూడా. అలా ఏం లేదు. దీనికి మొదట ఇవ్వాల్సిన మందు అడ్రినలిన్, తొడకి బయటివైపు కండలోకి. పాపకి చేసిన రెండు ఇంజెక్షన్లు దురదని, దద్దుర్లని తగ్గిస్తాయి గానీ గొంతు వాచిపోతున్నప్పుడో బీపీ పడిపోతున్నప్పుడో సమయానికి ఆదుకోలేవు. ఐదు పేజీల ఉత్తరంలో అడ్రినలిన్ అన్న మాట ఒక్కచోట కూడా లేదు. చేతిలో రెండు రిపోర్టులున్నాయి, ఇంట్లో అసలు మందు లేదు.

కాబట్టి పల్లీల సంగతి తేలకపోయినా ఫర్వాలేదు, ఈ వారంలో డాక్టరు దగ్గరికి వెళ్లి దీని గురించి అడగండి. డోసు పాప బరువుని బట్టి, కిలోకి 0.01 మిల్లీగ్రాముల లెక్కన రాసిస్తారు. మీ అక్క వాళ్ల ఊళ్లో దొరికే పెన్ను లాంటి ఇంజెక్షన్ మన మందుల షాపుల్లో అడగ్గానే ఇచ్చే వస్తువు కాదు. అది దొరక్కపోతే యాంప్యూలు (మందు ఉండే చిన్న గాజు సీసా), సన్న సిరంజి ఇచ్చి ఎంత గీత దాకా తీయాలో నేర్పిస్తారు. మీరు, మీవారు ఇద్దరూ అక్కడే నీళ్లతో రెండు మూడుసార్లు తీసి చూడండి. పిల్ల వాచిపోతుంటే చేతులు వణుకుతాయి, అప్పుడు మొదటిసారి నేర్చుకోలేరు. ఏ లక్షణం కనిపిస్తే ఇవ్వాలి, ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే రెండో డోసు ఇవ్వాలా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఇచ్చాక పాపని నిలబెట్టి నడిపించొద్దు. పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచి 108కి ఫోన్ చేయండి. ఆయాసపడుతుంటే మాత్రం కూర్చోనివ్వండి. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్లీ మొదలవుతుంది.

ఇక మీరు అడిగిన దానికి వస్తాను.

రెండు టెస్టులూ వెతికేది ఒకదాన్నే. ఒక ఆహారంలోని ప్రొటీన్ కోసం శరీరం తయారుచేసుకున్న ఐజీఈ అనే యాంటీబాడీని. రక్తపరీక్ష రక్తంలో తిరుగుతున్న ఐజీఈని లెక్కపెడుతుంది. స్కిన్ టెస్టు చర్మంలోని కణాలకి అంటుకుని ఉన్న ఐజీఈని తట్టి లేపి చూస్తుంది. ముంజేతి మీద చుక్క వేసి, సన్నగా గుచ్చి, పావుగంట ఇరవై నిమిషాల తర్వాత లేచిన దద్దుని కొలుస్తారు. రెండింట్లో ఏది పాజిటివ్ వచ్చినా దానర్థం ఒక్కటే, పాప శరీరం ఆ ఆహారాన్ని గుర్తుపట్టి ఐజీఈ తయారుచేసింది అని. తింటే ఏమైనా అవుతుందా అన్నది వేరే సంగతి. ఇంట్లో కర్ర ఉందో లేదో చూడొచ్చు గానీ, ఆ ఇంటాయన కొడతాడో లేదో కర్రని చూసి చెప్పలేం కదా.

ఇది నా అభిప్రాయం కాదు. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఎనిమిదేళ్ల పిల్లల్ని పరీక్షించి 2010లో ఫలితాలు వేశారు. నూటికి దాదాపు 12 మందికి పల్లీ టెస్టు పాజిటివ్ వచ్చింది. ఆ పాజిటివ్ వచ్చినవాళ్లలో నిజంగా పల్లీ అలర్జీ ఉన్నవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. మిగతావాళ్లు తిని హాయిగా ఉన్నారు. మన పక్కనే బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో పెద్దవాళ్ల మీద ఇలాంటి సర్వేనే జరిగింది. ఏదో ఒక ఆహారానికి రక్తంలో ఐజీఈ ఉన్నవాళ్లు నాలుగో వంతు మందికి పైనే. అలర్జీ ఉందని చెప్పదగ్గవాళ్లు నూటికి ఒకరికి కాస్త ఎక్కువ. మన దగ్గర ఎర్ర అంకెలు చాలా ఎక్కువ, నిజమైన అలర్జీ చాలా తక్కువ.

పాపకి ఎగ్జిమా ఉంది. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో మొత్తం ఐజీఈయే ఎక్కువగా ఉంటుంది. మీ రిపోర్టు అడుగున "టోటల్ ఐజీఈ" అని 900 పైచిలుకు అంకె ఉంది, చూడండి. కడుపులో నులిపురుగులున్నా అది పెరుగుతుంది. మొత్తం అంత ఉన్నప్పుడు ఏ ఆహారం అడిగినా 0.4, 0.6, 0.8 లాంటి చిల్లర అంకెలు రాలుతూనే ఉంటాయి. కందిపప్పు, శనగపప్పు, నువ్వుల పక్కనున్న ఎరుపు చాలావరకు ఆ బాపతే అని నా అనుమానం. పైగా పల్లీ కూడా పప్పుజాతిదే, చెట్టు నట్ కాదు. పప్పుజాతి గింజల్లో ప్రొటీన్లకి కాస్త పోలికలుండటంతో టెస్టు ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటుంది. 0.35 దాటగానే పాజిటివ్ అని ఎర్రగా అచ్చేయడం ల్యాబు అలవాటు. క్లాస్ 1, క్లాస్ 2 అన్నవి ఆ అంకెకి పెట్టిన మెట్లు. అవి జబ్బు తీవ్రతకి మార్కులు కావు.

నన్నడిగితే అసలు ఆ ప్యానెల్ రాయాల్సింది కాదు. జీడిపప్పు తిని పిల్ల పడిపోయింది కాబట్టి జీడిపప్పు చూడాలి, దాని దగ్గరి బంధువు పిస్తా చూడాలి, ఇంతవరకు తినని వేరే నట్స్ ఒకటి రెండు చూడొచ్చు. రోజూ తింటున్న కందిపప్పుకి టెస్టు దేనికి? ఒక్క సూదితో నలభై ఆహారాలు అంటే చవకగానే కనిపిస్తుంది, కానీ దాని ఖర్చు ఇప్పుడు మీ పాప బరువులో కనిపిస్తోంది. ఐజీజీ అని ఇంకో రకం ఫుడ్ టెస్టు కూడా అమ్ముతున్నారు, వందల ఆహారాల జాబితాతో. అలర్జీ తేల్చడానికి అది ఎందుకూ పనికిరాదు. ఎవరైనా రాస్తే ఎందుకని అడగండి.

మీవారి వాదనలో ఒక మాట న్యాయమైనదే. సెట్రిజిన్ లాంటి మందులు వేసుకుంటూ స్కిన్ టెస్టు చేయిస్తే దద్దు లేవాల్సినచోట లేవదు. అందుకే ఐదు నుంచి ఏడు రోజుల ముందే ఆపమంటారు. మీరు నాలుగు రోజులే ఆపారు. అయితే ఇలాంటి అనుమానం తీర్చడానికే ఆ టెస్టులో రెండు చుక్కలు అదనంగా వేస్తారు. ఒకటి ఉప్పునీరు, అక్కడ ఏమీ లేవకూడదు. ఇంకోటి హిస్టమిన్, అక్కడ ఎవరికైనా దద్దు లేవాల్సిందే. మీరు పంపిన ఫొటోలో పై రెండు వరుసలు అవే. ఉప్పునీటికి 0, హిస్టమిన్‌కి 5 మిల్లీమీటర్లు. అంటే మందు ప్రభావం టెస్టుని నొక్కేయలేదు. జీడిపప్పుకి 9 రావడమే అందుకు ఇంకో సాక్ష్యం. ఉప్పునీటి కన్నా కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తేనే పాజిటివ్ అంటారు, కాబట్టి పల్లీ 2 నెగెటివ్ కిందికే వస్తుంది. స్కేలుతో కొలిచారని తీసిపారేయక్కర్లేదు. మిషను ఇచ్చినంత మాత్రాన 1.9కి ఎక్కువ అర్థమూ రాదు.

అసలు ఏ టెస్టు మంచిది అంటే అది పిల్లని బట్టి ఉంటుంది. స్కిన్ టెస్టు అక్కడికక్కడే తేలిపోతుంది, నెగెటివ్ వస్తే చాలావరకు నమ్మొచ్చు. ఒళ్లంతా ఎగ్జిమా ఉండి గుచ్చడానికి మంచి చర్మం లేకపోయినా, దురద మందు ఆపలేకపోయినా రక్తపరీక్షే దారి. రియాక్షన్ వచ్చిన నాలుగైదు వారాల్లోపు స్కిన్ టెస్టు చేస్తే తప్పుగా నెగెటివ్ రావచ్చు. మీరు మార్చిలో చేయించారు కాబట్టి ఆ భయం లేదు. పెద్ద అంకెలకి మాత్రం రెండింట్లోనూ బలం ఉంది. పల్లీల విషయంలో 8 మిల్లీమీటర్లు దాటిన దద్దు, లేదా 15కి దగ్గరైన రక్తం అంకె ఉన్న పిల్లలు తింటే నూటికి 95 మందికి రియాక్షన్ వస్తుందని ఆస్ట్రేలియా, అమెరికా ఆసుపత్రుల్లో లెక్కగట్టారు. మీ పాప 2, 1.9ల దగ్గర ఉంది.

ఒక్క జాగ్రత్త. పెద్ద అంకె వస్తే రియాక్షన్ వచ్చే అవకాశం పెద్దది. అది ఎంత తీవ్రంగా వస్తుందో రెండు టెస్టులూ చెప్పవు. 9 మిల్లీమీటర్లే కదా, 15 రాలేదు కదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

జీడిపప్పు సంగతి తేలిపోయింది. తిన్న కథ, చర్మం, రక్తం, మూడూ ఒకటే మాట చెబుతున్నాయి. ఇంకో టెస్టు అక్కర్లేదు. పిస్తా పాప తిన్నదో లేదో మీరు రాయలేదు గానీ, జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదు కాబట్టి రెండూ కలిపి మానేయడమే. ఈ రెండూ మామిడి కుటుంబం చెట్లే. అలాగని ఇప్పటిదాకా తింటున్న మామిడిపండుని మాన్పించొద్దు, పాపం.

పల్లీల విషయానికొస్తే, అన్నిటికన్నా పెద్ద టెస్టు మీ వంటింట్లోనే జరిగింది. మూడేళ్లు, వారానికి రెండు మూడుసార్లు, వేయించిన పల్లీల చట్నీ. ఏ ల్యాబూ అంతకన్నా గట్టి రిపోర్టు ఇవ్వలేదు. జనవరిలో మీరు నన్ను అడిగి ఉంటే టెస్టు చూడకుండానే "పెడుతూనే ఉండండి" అనేదాన్ని. ఇప్పుడు అంత తేలిగ్గా అనలేకపోతున్నాను. కారణం, మధ్యలో మూడు నెలలకి పైగా ఆపేశారు. ఎగ్జిమా ఉండి, ఐజీఈ ఉండి, అయినా తింటూ హాయిగా ఉన్న పిల్లలకి ఆ ఆహారం ఆపేస్తే, కొందరిలో శరీరం ఆ ఓర్పుని పోగొట్టుకుంటుంది. మళ్లీ పెట్టినప్పుడు మొదటిసారి రియాక్షన్ వస్తుంది. అందరికీ కాదు, కొందరికే. ఎవరికో ముందే చెప్పలేం కాబట్టి రేపు పొద్దున మీరే ఇడ్లీలో చట్నీ వేసి పెట్టకండి.

మీ ముందు మూడు దారులున్నాయి.

ఆ స్పెషలిస్టు దగ్గరే, ఆయన కళ్ల ముందు పెట్టడం ఒకటి. దీన్ని ఓరల్ ఫుడ్ చాలెంజ్ అంటారు. కొసరంత పేస్టుతో మొదలుపెట్టి, పావుగంటకో ఇరవై నిమిషాలకో కొంచెం కొంచెం పెంచుతూ, పాప వయసుకి సరిపడా తిన్నాక రెండు గంటలు అక్కడే కూర్చోబెడతారు. సగం రోజు పోతుంది. మందు, మనుషులు పక్కనే ఉంటారు. ఏమీ కాకపోతే ఆ రోజుతో గొడవ తీరిపోతుంది, మర్నాటి నుంచి చట్నీ పాత పద్ధతిలోనే. ఏమైనా అయితే మీకు బాధగానే ఉంటుంది, కానీ నిజం తెలుస్తుంది, అదీ సురక్షితమైన చోట. ఆ రోజు పాపకి జ్వరం, దగ్గు, ఆయాసం ఏవీ ఉండకూడదు. ఆయనకి ఇలా చేసే ఏర్పాటు ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, అందరి దగ్గరా ఉండదు.

రెండోది, ముందు ఇంకో రక్తపరీక్ష. పల్లీ మొత్తానికి కాకుండా అందులోని ఒక్కో ప్రొటీన్‌కి విడివిడిగా ఐజీఈ చూసే టెస్టులున్నాయి. పల్లీల్లో ఆరా హెచ్ 2 అనే ప్రొటీన్‌కి ఐజీఈ ఉంటే అది నిజమైన అలర్జీకి బలమైన గుర్తు. అది లేకుండా మొత్తం పల్లీ అంకె మాత్రమే ఉంటే చాలావరకు ఉత్త పోలికే. ఇది తక్కువ వస్తే మీవారికి ధైర్యం వస్తుంది, చాలెంజ్‌కి ఒప్పుకుంటారు. మనసులో ఆ మెలిక ఉన్నంతకాలం ఆయన పిల్లకి పల్లీ పెట్టనివ్వరు, అందుకే దీని గురించి చెబుతున్నాను. కానీ ఇది ఖర్చుతో కూడిన పని, అన్ని ల్యాబుల్లో ఉండదు, పైగా ఫలితం ఏదొచ్చినా చివరికి తినిపించి చూడటం తప్పదు. మీ చోట నేనుంటే దీన్ని దాటేసి మొదటిదానికే వెళ్తాను. ఆయన్ని ఒప్పించడానికి ఇదొక్కటే దారి అయితే చేయించండి, నష్టమేమీ లేదు.

మూడోది ఇప్పుడు చేస్తున్నదే, పల్లీలు పూర్తిగా మానేయడం. ఈ పూటకి ఇదే సురక్షితంగా కనిపిస్తుంది. కానీ మన ఇళ్లలో పల్లీ లేనిదెక్కడ? పులిహోర, ఉప్మా, గుత్తివంకాయ, చిక్కీ, బడి దగ్గర మరమరాల మిక్చర్. పల్లీ నూనె సంగతి కూడా ఉంది. రిఫైన్డ్ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు గానీ, గానుగ నూనెలో మిగిలి ఉండొచ్చు. వీటన్నిటినుంచి ఏళ్ల తరబడి కాపాడుకుంటూ రావాలి, అదీ లేదని నేననుకుంటున్న ఒక అలర్జీ కోసం. ఆ ఏళ్లలోనే నిజమైన అలర్జీ తయారయ్యే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ దొరికే దాకా మానడం సబబే, అంతకు మించి సాగదీయొద్దు.

కందిపప్పు, శనగపప్పు, నువ్వులు ఇంత పెద్ద సమస్య కాదు. పుట్టి ఏడో నెల నుంచి పప్పన్నం తిన్న పిల్ల. అయినా మూడు నెలల విరామం వీటికీ ఉంది కాబట్టి, ఆ స్పెషలిస్టుకి ఫోన్ చేసి "ఇవి ఇంట్లోనే మొదలుపెట్టొచ్చా" అని ఒక్క మాట అడగండి. బరువు తగ్గుతున్న పిల్లకి పప్పు ఎంత త్వరగా తిరిగొస్తే అంత మంచిది. కేజీ తగ్గిందన్న సంగతి కూడా ఆయనకి చెప్పండి, అది రిపోర్టుల్లో కనపడదు. బాదం స్కిన్ టెస్టులో సున్నా. పాప ఎప్పుడూ తినకపోతే దాన్నీ ఎప్పుడైనా ఆయన దగ్గరే మొదలుపెట్టొచ్చు, తొందరేమీ లేదు. జీడిపప్పు ఒక్కటి పడలేదని మీ అక్క చెప్పినట్టు నట్ అన్న ప్రతిదాన్నీ తీసేస్తే ఏది ఎందుకు మానాలో పాపకే తెలియకుండా పోతుంది. అయితే బజారులో ముక్కలు చేసి అమ్మే నట్స్ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. బాదం కొంటే పొట్టుతో ఉన్న మొత్తం గింజలే కొనండి.

అత్తగారి మాట మీద కొంచెం ఆగాలి. కొంచెం కొంచెం పెడితే అలవాటవుతుందని ఆవిడ అన్నది వట్టి చాదస్తం కాదు. అలా పెంచుకుంటూ పోయే వైద్యం ఉంది. అమెరికాలో పల్లీ పొడితో చేసిన మందుకి 2020లో అనుమతి కూడా ఇచ్చారు. కానీ అది మిల్లీగ్రాముల్లో తూచి, డోసు పెంచే ప్రతిసారీ ఆసుపత్రిలో కూర్చోబెట్టి, నెలల తరబడి చేసే పని. చికిత్సలో కూడా రియాక్షన్లు వస్తాయి. ఇంట్లో గోటితో గిల్లి పెట్టే జీడిపప్పు ముక్కకీ దానికీ సంబంధం లేదు. ఆవిడతో "మీరు చెప్పింది తప్పు" అనకుండా "అది డాక్టర్లు చేసే పనట అత్తయ్యా, ఇంట్లో చేస్తే ప్రాణం మీదికి వస్తుందట" అని చెప్పి చూడండి. అయినా వినకపోతే స్పెషలిస్టు దగ్గరికి ఆవిడని కూడా తీసుకెళ్లండి. కోడలి నోట వినని మాట డాక్టరు నోట వింటారు. ఇంజెక్షన్ నేర్పించేటప్పుడు కూడా ఆవిడ పక్కనుండాలి, మీరు ఉద్యోగానికి వెళ్లాక పాపతో ఉండేది ఆవిడే అని రాశారు.

జీడిపప్పు దాక్కునే చోట్లు ఒకసారి అందరూ కూర్చుని చెప్పుకోండి. పాయసంలోనో చక్రపొంగలిలోనో పైన తేలే జీడిపప్పు ఏరేసి పాపకి పెడితే సరిపోదు. అది వేగిన నెయ్యే గిన్నె అంతా కలిసి ఉంటుంది. తిరుపతి లడ్డూలో జీడిపప్పు ఉంటుంది, ప్రసాదం అని కళ్లకద్దుకుని చిన్న పలుకు కూడా నోట్లో పెట్టొద్దు. హోటళ్లలో పనీర్ కూరలు, కుర్మాలు, తెల్లటి గ్రేవీలు చాలావరకు జీడిపప్పు పేస్టుతోనే చిక్కబడతాయి, కంటికి కనిపించదు. మిఠాయి దుకాణంలో కాజూ బర్ఫీ కోసిన చాకుతోనే మైసూర్‌పాక్ కూడా కోస్తారు. ప్యాకెట్ తిండికైతే నయం, పల్లీలు, నట్స్ ఉంటే ప్యాకెట్ మీద విడిగా చెప్పాలని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల్లో ఉంది, చదివి కొనండి. పేరంటాలకి, పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు పాప తినేది మీరే డబ్బాలో పట్టుకెళ్లండి. ఎవరేమనుకున్నా.

పెద్దయ్యాక ఇది పోతుందా అని చివర్లో చిన్న అక్షరాలతో అడిగారు. పల్లీ అలర్జీ ఉన్న పిల్లల్లో సుమారు అయిదుగురిలో ఒకరికి పోతుంది. జీడిపప్పు లాంటి చెట్టు నట్స్‌లో పదిమందిలో ఒకరికి. ఏడాదికోసారో రెండేళ్లకోసారో టెస్టు చేయించి అంకె దిగుతోందేమో చూస్తారు. ఈ రక్తం అంకెలు బాగా ఉపయోగపడేది అక్కడ, ఒకే పిల్లలో ఒకే అంకె ఏళ్ల మీద పెరుగుతోందా తగ్గుతోందా అని చూడటానికి. కాబట్టి పాత రిపోర్టులు పారేయకండి.

ఇక చిన్నవాడు. వాడికి టెస్టు చేయించొద్దు. వాడికి ఎగ్జిమా ఉందని మీరు రాయలేదు, ఏ తిండీ పడలేదని రాయలేదు. ఇప్పుడు టెస్టు చేస్తే నాలుగు ఎర్ర అంకెలు వస్తాయి, వాడి తిండి కూడా ఆపేస్తారు. చేయాల్సింది దీనికి ఉల్టా. లండన్‌లో ఎగ్జిమా గట్టిగా ఉన్నవాళ్లో, గుడ్డు పడనివాళ్లో, రెండూ ఉన్నవాళ్లో అయిన 640 మంది పసిపిల్లల్ని నాలుగు నుంచి పదకొండు నెలల వయసులో తీసుకుని, సగం మందికి పల్లీలు క్రమంగా పెట్టి, సగం మందికి మాన్పించి ఐదేళ్లు వచ్చేదాకా చూశారు. 2015లో తేలిందేమిటంటే, పెట్టినవాళ్లలో పల్లీ అలర్జీ మాన్పించినవాళ్ల కన్నా సుమారు 80 శాతం తక్కువ. వాడికి ఎగ్జిమా గట్టిగా మొదలైతే ముందు డాక్టరుని అడగండి, లేదంటే ఆగక్కర్లేదు. జావలోనో మెత్తటి అన్నంలోనో వేయించి మెత్తగా దంచిన పల్లీ పొడి పావు చెంచా కలిపి, పగటి పూట, మీరు ఇంట్లో ఉన్న రోజు మొదలుపెట్టండి. ఏమీ కాకపోతే కొంచెం కొంచెం పెంచుతూ వారానికి రెండు మూడుసార్లు మానకుండా పెట్టండి. గింజలు గింజలుగా మాత్రం ఐదేళ్లు వచ్చేదాకా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. పాప చాలెంజ్ తేలేదాకా వాడి గిన్నె, చెంచా విడిగా ఉంచి, తినిపించాక మూతీ చేతులూ కడిగేస్తే చాలు.